హాకీలో మనవాళ్లు ఎందుకు ఓడిపోతారు?

 

2025 జూన్ నెలలో మన దేశ పురుషుల హాకీ జట్టు ప్రో లీగ్ పోటీల కోసం యూరప్ వెళ్లి వరుసగా 7 మ్యాచ్‌లు ఓడిపోయింది. నెదర్లాండ్స్ చేతిలో 2, అర్జెంటీనా చేతిలో 2, ఆస్ట్రేలియా చేతిలో 2, బెల్జియం చేతిలో 1. చివరి మ్యాచ్‌లో బెల్జియంను 4-3తో కొట్టారు. సెప్టెంబరులో బీహార్‌లోని రాజ్‌గిర్‌లో దక్షిణ కొరియాను 4-1తో ఓడించి ఆసియా కప్ కూడా తెచ్చారు. అయినా మన హాస్టల్లో ఆ 7 ఓటముల గొడవ చల్లారలేదు. అన్నం లైన్లో ఒక మాట, కుళాయి దగ్గర ఒక మాట, లైటు తీసేశాక మంచాల మీద నుంచి ఇంకో మాట. ఎవరి కారణం వాళ్లది. గొంతు పెద్దగా ఉన్నవాడిదే గెలుపు.

నేను ఆ వాదనలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. తిప్పి తిప్పి చూస్తే 5 కారణాలే తేలాయి. వాటిలో ఏది ఎంతవరకు నిజమో ఒక్కొక్కటిగా చెప్తాను. ముందు ఒలింపిక్స్ లెక్క చూడండి. లెక్క లేకుండా వాదిస్తే తెల్లారేదాకా వాదించుకోవచ్చు.

ఒలింపిక్స్‌లో భారత పురుషుల జట్టు

1928, 1932, 1936, 1948, 1952, 1956 : స్వర్ణం
1960 : రజతం
1964 : స్వర్ణం
1968, 1972 : కాంస్యం
1976 : 7వ స్థానం
1980 : స్వర్ణం
1984 : 5
1988 : 6
1992 : 7
1996 : 8
2000 : 7
2004 : 7
2008 : అర్హతే రాలేదు
2012 : 12 (ఆఖరు)
2016 : 8
2020 (జరిగినది 2021లో) : కాంస్యం
2024 : కాంస్యం

1984 నుంచి 1996 దాకా అంకెలు చూడండి. 5, 6, 7, 8. మెట్లు దిగినట్టే ఉంది గదా! మనం ఏ కారణం చెప్పినా ఈ పట్టికకు సరిపోవాలి. సరిపోకపోతే అది కారణం కాదు, కోపం మాత్రమే.

1వ వాదన : "మనవాళ్లకి ఒంట్లో బలం లేదురా, తెల్లవాళ్లతో ఎక్కడ ఆడతారు!"

ఈ మాట అన్ని మాటల కంటే ఎక్కువ సార్లు విన్నాను. ఇది నిలబడదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మన జట్టు 29 గోల్స్ కొట్టింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ధ్యాన్‌చంద్ ఒక్కడే 14 కొట్టాడు. ఆ జట్టుకు కెప్టెన్ ఎవరో తెలుసా? జైపాల్ సింగ్ ముండా. నేటి జార్ఖండ్‌లోని ఒక ముండా ఆదివాసీ గ్రామంలో పుట్టినవాడు. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసుల తరఫున మాట్లాడినవాడు కూడా ఆయనే. అంటే దేశానికి మొదటి హాకీ స్వర్ణం వచ్చిన జట్టుకు నాయకుడు మనలాంటి కొండ పిల్లవాడు.

పోనీ అది పాత కాలం అంటారా? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో దక్షిణ కొరియా రజతం గెలిచింది. కొరియా వాళ్లు యూరప్ వాళ్లంత దిట్టంగా ఏమీ ఉండరు. బలం అవసరమే, కాదనను. అయితే అది పుట్టుకతో వచ్చేది కాదు. తిండి, సాధన, దమ్ము ఉంటే తయారయ్యేది. దాని సంగతి 5వ వాదనలో చెప్తాను.

2వ వాదన : "క్రికెట్ వచ్చి హాకీని మింగేసింది"

ఇందులో కొంత నిజం ఉంది. డబ్బు, టీవీ, పేరు అన్నీ క్రికెట్ వైపు పోయాయి. మన హాస్టల్లోనే చూడండి. క్రికెట్ ఆటగాళ్ల పేర్లు పదకొండూ అందరికీ వచ్చు. హాకీ వాళ్లవి నలుగురివి చెప్పమంటే తల గోక్కుంటాం.

కానీ తేదీలు చూడండి. మనం క్రికెట్ ప్రపంచ కప్ గెలిచింది 1983 జూన్‌లో. దేశమంతా క్రికెట్ పిచ్చి పట్టింది ఆ తర్వాతే. హాకీలో 7వ స్థానానికి పడిపోయింది 1976లో. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో, మన సొంత గడ్డ మీద, పాకిస్థాన్ చేతిలో 7-1తో ఓడిపోయాం. అంటే ఇల్లు అప్పటికే కారుతోంది. క్రికెట్ తర్వాత వచ్చిన వాన. వానను తిట్టి లాభమేమిటి, కప్పు చూసుకోవాలి గానీ.

3వ వాదన : "గడ్డి తీసేసి టర్ఫ్ వేశారు, అందుకే"

ఇది తెలిసినవాళ్లు చెప్పే కారణం. దీనికి బలం ఉంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని కృత్రిమ మైదానం మీద ఆడించారు. దానినే ఆస్ట్రో టర్ఫ్ అంటారు. ముందటి సంవత్సరమే, అంటే 1975లో, కౌలాలంపూర్‌లో పాకిస్థాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచ కప్ గెలిచిన మనం మాంట్రియల్‌లో 7వ స్థానంలో ఉన్నాం.

తేడా ఏమిటో తెలియాలంటే ఒక గోళీకాయ తీసుకోండి. మెస్ ముందున్న గచ్చు మీద దొర్లించండి. తర్వాత మన గ్రౌండ్లో కంకర మట్టి మీద దొర్లించండి. మట్టి మీద అది ఎగురుతుంది, ఆగుతుంది, పక్కకు పోతుంది. దాన్ని లొంగదీయాలంటే చేతి నేర్పు కావాలి. గచ్చు మీద తిన్నగా, జోరుగా పోతుంది. అక్కడ నేర్పు కంటే ముందు కాలు కావాలి, చూపు కావాలి.

హాకీలోనూ ఇంతే. గడ్డి మీద మన ఆటగాళ్లు బంతిని కర్రకు అతికించినట్టు పట్టుకుని ముగ్గురు నలుగురిని తప్పించుకుంటూ పోయేవారు. టర్ఫ్ మీద, అందులోనూ నీళ్లు చల్లిన టర్ఫ్ మీద, బంతి మనిషి కంటే చాలా వేగంగా పోతుంది. బంతిని పట్టుకుని పరుగెత్తేవాడి కంటే వెంటనే పక్కవాడికి ఇచ్చి ఖాళీలోకి పరుగెత్తేవాడికే లాభం. నెదర్లాండ్స్ లాంటి దేశాల్లో ఊరి క్లబ్బుల్లోనే ఇలాంటి మైదానాలు వేశారు. మన దగ్గర పిల్లలు గడ్డి మీద, మట్టి మీద నేర్చుకుని, పెద్ద జట్టు శిబిరానికి పోయాకే టర్ఫ్ మొహం చూసేవారు. పదేళ్లు చేతికి పట్టిన అలవాటును పది వారాల్లో మార్చుకోమంటే ఎలా?

అయితే ఈ కారణాన్ని కూడా పూర్తిగా మోయకూడదు. పాకిస్థాన్‌ది కూడా మన గడ్డి ఆటే. వాళ్లు 1984లో లాస్ ఏంజెలస్‌లో టర్ఫ్ మీదే ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. 1994లో సిడ్నీలో ప్రపంచ కప్ గెలిచారు. తర్వాత పడిపోయారు. 2016, 2020, 2024 మూడు ఒలింపిక్స్‌కూ అర్హత పొందలేదు. కాబట్టి టర్ఫ్ వల్ల ఆట కష్టమైంది నిజమే గానీ, గెలవడం అసాధ్యం కాలేదు. ఇంకో సంగతి, మన 1960 రజతం, 1968, 1972 కాంస్యాలు గడ్డి మీదే వచ్చాయి. జారడం అక్కడే మొదలైంది.

4వ వాదన : "రూల్స్ అన్నీ యూరప్ వాళ్లకు అనుకూలంగా మార్చేశారు"

మార్చిన మాట నిజం. 1990లలో ఆట రూపే మారింది. ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చని 1992లో వచ్చింది. ఆఫ్‌సైడ్ నియమాన్ని 1996లో ప్రయోగంగా తీసేసి, తర్వాత శాశ్వతంగా ఎత్తేశారు. 70 నిమిషాల ఆట 2014 నుంచి పెద్ద పోటీల్లో 15 నిమిషాల చొప్పున 4 భాగాలై 60 నిమిషాలకు వచ్చింది.

మన ఓటమికి ఎక్కువ దగ్గరిది పెనాల్టీ కార్నర్. తెలియని తమ్ముళ్ల కోసం చెప్తాను. గోల్ ముందు అర్ధచంద్రంలా ఉండే గీతను డీ అంటారు. ఆ డీ లోపల రక్షించేవాడు ఫౌల్ చేస్తే మామూలుగా ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్ ఇస్తారు. అప్పుడు గోల్ కీపర్‌తో కలిపి 5 మందే గోల్ గీత వెనుక నిలబడాలి. మిగతావాళ్లు సగం గీత దాటి అవతలికి పోవాలి. గోల్ గీత మీద నుంచి ఒకడు బంతిని తోస్తాడు, డీ బయట ఒకడు ఆపుతాడు, ఇంకొకడు గోల్‌లోకి పంపుతాడు. మామూలుగా బాదితే బంతి గోల్ లోపలి పలక ఎత్తు, అంటే 460 మిల్లీమీటర్లు, దాటి పోకూడదు. బాదకుండా కర్రతో ఈడ్చి విసిరితే ఆ హద్దు లేదు. దానినే డ్రాగ్ ఫ్లిక్ అంటారు. వడిసెలతో రాయి విసిరినట్టు ఒళ్లంతా తిప్పి విసరాలి. గోల్ పై మూలకు పోయిందంటే కీపర్‌కు అందదు.

మన ఆట బంతిని డీలోకి తీసుకుపోయే నేర్పు మీద నిలబడి ఉండేది. మిగతావాళ్లు డీలో ఫౌల్ రాబట్టి, కార్నర్‌తో గోల్ కొట్టే పనిని చదువులాగా నేర్చారు. నియమం మారింది అందరికీ, నేర్చుకున్నది కొందరు. మనం కూడా నేర్చుకున్నాక ఏమైందో చూడండి. 2024 పారిస్‌లో మన జట్టు మొత్తం 15 గోల్స్ కొడితే, అందులో 10 కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ ఒక్కడివే. అతడు డ్రాగ్ ఫ్లిక్ వీరుడు. ఇది సంతోషమే గానీ భయం కూడా. ఒక్క చేతి మీద మూడింట రెండు వంతుల గోల్స్ ఉంటే, ఆ చెయ్యి ఆడని రోజు జట్టు ఏం కావాలి?

5వ వాదన : "మనోళ్లు ఆఖరి నిమిషంలో గోల్ ఇచ్చేస్తారు, గుండె ధైర్యం లేదు"

ఈ వాదన మొదటి సగం నూటికి నూరుపాళ్లు నిజం. 2000లో సిడ్నీలో పోలండ్ మీద 1-0తో ఆధిక్యంలో ఉండి, ఆట ముగియడానికి 2 నిమిషాల లోపు గోల్ ఇచ్చి సెమీఫైనల్ పోగొట్టుకున్నాం. 2014 ప్రపంచ కప్‌లో బెల్జియం 15 సెకన్లు ఉండగా మనల్ని ఓడించింది. తర్వాతి మ్యాచ్‌లో ఇంగ్లండ్ కూడా చివర్లోనే కొట్టింది. 2016 రియోలో జర్మనీ 3 సెకన్లు ఉండగా గోల్ కొట్టి 2-1తో గెలిచింది. 2018 ఆసియా క్రీడల సెమీఫైనల్లో మలేషియా ఆఖర్లో సమం చేసి షూటౌట్‌లో గెలిచింది. 2025 జూన్‌లో ఓడిన 7 మ్యాచ్‌లలో 6 ఒక్క గోల్ తేడావే.

రెండో సగం, గుండె ధైర్యం లేదనడం, నేను ఒప్పుకోను. హాకీ నడుము వంచి ఆడే ఆట. గంటసేపు వరి నాటిన అమ్మను అడగండి నడుము సంగతి. అలసినవాడికి ముందు పోయేది కాలు, తర్వాత నడుము, ఆ తర్వాత తెలివి. కాలు అందనప్పుడు వెనుక నుంచి కర్ర పెడతాడు. అది ఫౌల్. డీలో అయితే పెనాల్టీ కార్నర్. ఆఖరి నిమిషం గోల్ చాలాసార్లు ఇలాగే పుడుతుంది. దానిని పిరికితనం అని పేరు పెట్టడం అన్యాయం.

ఎన్నిసార్లైనా ఆటగాళ్లను మార్చుకునే వీలున్న ఆటలో 11 మంది వీరులు చాలరు. ఒకే స్థాయిలో ఆడే 16 మంది కావాలి. కొద్ది నిమిషాలకొకసారి తాజా కాళ్లు దిగుతుండాలి. బెంచీ మీద ఉన్నవాడు బలహీనుడైతే కెప్టెన్ అలసిపోయినా దిగలేడు.

ఇప్పుడు దానికి ఎదురు లెక్క చూడండి. 2021లో టోక్యోలో కాంస్యం కోసం జర్మనీతో ఆడుతూ 1-3తో వెనుకబడి, తేరుకుని 5-4కు వచ్చారు. 7 సెకన్లు కూడా లేనప్పుడు జర్మనీకి పెనాల్టీ కార్నర్ దొరికింది. శ్రీజేష్ ఆపేశాడు. 41 ఏళ్ల తర్వాత పతకం! 2024 పారిస్‌లో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో 17వ నిమిషంలోనే అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మిగిలిన 40 నిమిషాల పైచిలుకు ఆటంతా 10 మందితోనే ఆడి 1-1తో నిలబడి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. అదే దేశం, అదే రక్తం. మధ్యలో వచ్చింది దమ్ము, శాస్త్రీయమైన సాధన.

నాకు తోచిన అసలు కారణం

పై వాదనలన్నిటిలో తలా కొంత నిజం ఉంది. కానీ అన్నిటికీ కింద ఒకటే వేరు కనబడుతుంది. ఆట మారిపోయింది, మన ఏర్పాట్లు మారలేదు. ఓడిన ప్రతిసారీ మనం మనుషులను మార్చాం. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ధన్‌రాజ్ పిళ్లై నాయకత్వంలో 32 ఏళ్ల తర్వాత స్వర్ణం వస్తే, గెలిచి వచ్చాక కూడా ధన్‌రాజ్‌తో సహా పలువురు ముఖ్య ఆటగాళ్లను పక్కన పెట్టారు. 2008లో ఒలింపిక్స్‌కు అర్హత పోయిన కొద్ది వారాలకే ఎంపికకు డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ టీవీలో వచ్చి, భారత ఒలింపిక్ సంఘం ఆనాటి హాకీ సమాఖ్యను సస్పెండ్ చేసింది. 2013 నుంచి 2019 దాకా ఎందరు కోచ్‌లు మారారో చూడండి: టెర్రీ వాల్ష్, పాల్ వాన్ ఆస్, రోలాంట్ ఓల్ట్‌మన్స్, షోర్డ్ మరీన్, హరేంద్ర సింగ్, గ్రాహం రీడ్. ఆరుగురు! ఒకే తరగతికి ఏడాదికొక లెక్కల సారు మారితే మన పదో తరగతి ఫలితాలు ఎలా ఉంటాయో అలాగే ఉంటుంది. రీడ్‌ను కొన్నేళ్లు కుదురుగా ఉండనిచ్చారు. ఆయన ఉండగానే టోక్యో పతకం వచ్చింది.

ఏర్పాటు అంటే ఏమిటో ఒడిశా చూపింది. సుందర్‌గఢ్ జిల్లా ఆదివాసుల జిల్లా. అక్కడ పల్లెల్లో హాకీ పోటీలు పెట్టి గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతిగా ఇస్తారు. ఆట ఎప్పటి నుంచో ఉంది. దానికి తోడు రూర్కెలా దగ్గర పాన్‌పోష్‌లో ప్రభుత్వ క్రీడా హాస్టల్ పెట్టారు. అవును, హాస్టలే! దిలీప్ టిర్కీ అక్కడ చదివి 1996, 2000, 2004 మూడు ఒలింపిక్స్ ఆడాడు, భారత కెప్టెన్ అయ్యాడు, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. ఆయన ఊరు సౌనమారా. రెడ్ కార్డు పడిందని చెప్పానే, ఆ అమిత్ రోహిదాస్‌ది కూడా అదే ఊరు, అదే హాస్టల్. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వమే జాతీయ జట్లకు స్పాన్సర్‌గా నిలిచింది. 2023లో రూర్కెలాలో బిర్సా ముండా పేరుతో పెద్ద హాకీ స్టేడియం తెరిచారు.

పక్కనే జార్ఖండ్‌లో సిమ్‌డేగా జిల్లా. 1975 ప్రపంచ కప్ జట్టులో ఆడిన మైకేల్ కిండో, 1980 మాస్కో స్వర్ణ జట్టులోని సిల్వానస్ డుంగ్‌డుంగ్ ఆ ప్రాంతం వాళ్లే. వెదురు కర్రతో ఆట మొదలుపెట్టిన సలీమా టెటే అక్కడి నుంచే వచ్చి 2024లో భారత మహిళల జట్టుకు కెప్టెన్ అయింది. మన తెలుగు వాళ్లకు కూడా ఇందులో పేరుంది. హైదరాబాద్ ముఖేష్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడాడు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి ఎతిమరపు రజని భారత గోల్ కీపర్ అయింది.

ఏర్పాటు ఒకసారి చేస్తే సరిపోదని కూడా మహిళల జట్టు చెప్తోంది. 2021లో టోక్యోలో 4వ స్థానం దాకా వచ్చిన జట్టు, 2024లో రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ పోలేకపోయింది. చెట్టు నాటి వదిలేస్తే ఎండుతుంది. ఏటా నీళ్లు పోయాలి.

మనకు దీనితో ఏం పని?

పని ఉంది. మన హాస్టల్ కబడ్డీ జట్టు, ఖోఖో జట్టు ఓడి వచ్చిన రోజు మనం ఏమంటాం? "వాడి వల్లే ఓడాం" అని ఒకడి పేరు చెప్తాం. లేకపోతే "మన ఏజెన్సీ పిల్లలకి ఇంతేలే" అంటాం. రెండో మాట మొదటి మాట కంటే చెడ్డది. ఎందుకంటే దానితో సాధన అక్కర్లేకుండా పోతుంది. ఇకమీదట ఓడి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేసుకుందాం. పాయింట్లు ఎక్కువ ఎప్పుడు పోయాయి, మొదట్లోనా ఆఖర్లోనా? బెంచీ మీద వాళ్లకు ఆడే అవకాశం ఎన్నిసార్లు ఇచ్చాం? అవతలివాళ్ల దగ్గర ఉండి మన దగ్గర లేని పద్ధతి ఏది? ఒక నోటు పుస్తకం పెట్టి ప్రతి ఆటకూ రాసుకుంటే ఏడాది తిరిగేసరికి మనకూ పై పట్టికలాంటిది తయారవుతుంది.

వార్డెన్ గారికి, పీఈటీ సారుకు ఒక మనవి. పరీక్షలు దగ్గర పడగానే మొదట పోయేది సాయంత్రం ఆటల గంట. ఆ గంటను స్టడీ అవర్‌లో కలపకుండా వారానికి కనీసం 4 రోజులైనా ఉంచగలరు. జట్టులో లేని పిల్లలకు కూడా వంతులవారీగా ఆడే ఏర్పాటు చేయగలరు. పాన్‌పోష్ హాస్టల్లో చేరిన రోజున దిలీప్ టిర్కీ కూడా ఎవరికీ తెలియని పిల్లవాడే.

ఈ వ్యాసం మీద ఒప్పుకోనివాళ్లు, ముఖ్యంగా 1వ వాదన అన్నలు, కింద అంటించిన తెల్ల కాగితం మీద తమ కారణం రాయగలరు. ఒక్క షరతు. సంవత్సరం, స్కోరు వేసి రాయాలి.